పాత కైటు అమ్మకపు ప్రకటనకు క్రేతృసంజీవనీ వ్యాఖ్య

అవతారిక

కొలచెలమ మల్లినాథసూరి కాళిదాస కావ్యములకు టీక వ్రాయ బూనినపుడు మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కఱలేనిదానిని పలుకననియు ప్రతిన చేసెను. ఆ మహనీయునకు కాళిదాసు మూలకర్తగా దొరకెను గనుక ఆ ప్రతిన చెల్లినది. మాకు దొరకిన మూలకర్తయో, రామేశ్వరపు సముద్రతీరమున తాను వాడి విసిగిన కైటును అమ్మజూపుచున్న ఒకానొక పెద్దమనిషి. ఆయన వాక్యమున ఉన్నదెల్ల అక్కఱలేనిది. అక్కఱయైనది మూలమున కానరాదు. కావున మూలమున లేనిదానినే వ్రాయుట ఈ వ్యాఖ్యకు ధర్మమైనది. సూరిగారు తమ టీకకు సంజీవని యని పేరిడిరి. కొనువాని ప్రాణములకు సంబంధించినది గావున మేమును ఆ పేరునే అరువు తెచ్చుకొంటిమి.

కైట్‌సర్ఫింగ్ అనగా, నడుమున బిగించిన పట్టీ కొక్కెమునకు తగిలించుకొన్న పెద్ద గాలిపటము లాగుచుండగా, పాదములక్రింది పలకపై నిలిచి సముద్రముమీద పరుగిడు క్రీడ. ఫ్రాన్సు దేశీయులగు లెగేన్యూ సోదరులు గాలి నింపెడు గొట్టములు గల కైటునకు 1984లో పేటెంటు కోరిరి. 1997లో అది విపికా యను పేర అంగడి కెక్కినది. రామేశ్వరమున ఈ క్రీడకు ఏటికి రెండు కాలములు: వేసవిని మొదలై సెప్టెంబరు వఱకు వీచు దక్షిణపు గాలి యొకటి, శీతకాలపు ఉత్తరపు గాలి యొకటి. కాలము ముగియు తరి తీరమున పాత కైట్ల అమ్మకములు మొలకెత్తును.

మూలము

అమ్మకమునకు గలదు: 12 మీటర్ల కైటు. స్వల్పముగా వాడబడినది. ఒక చిన్న అతుకు. గాలి చక్కగా నిలుచును. బారు, తాళ్ళతో సహా. నేర్చుకొనువారికి మిక్కిలి అనుకూలము.

ప్రతిపదార్థము

12 మీటర్ల = పండ్రెండు చదరపు మీటర్ల వైశాల్యము గల; కైటు = కైటు; స్వల్పముగా = అమ్మువాని జ్ఞాపకమునకు వచ్చినంత మాత్రము; వాడబడినది = కర్త చెప్పబడని కర్మణి ప్రయోగము గావున ఎవరిచేతనైనను వాడబడినది; ఒక = కంటబడినంతలో ఒక; చిన్న = అతుకు వేసినవాని దృష్టిలో చిన్నదగు; అతుకు = అతుకు; గాలి చక్కగా నిలుచును = ఎంతసేపో చెప్పక నిలుచును; సహా = విడిగా ఎవరును కొనరు గనుక కూడ; నేర్చుకొనువారికి = మంచిచెడ్డ లెఱుగనివారికి; మిక్కిలి అనుకూలము = అమ్మువానికి మిక్కిలి అనుకూలము.

తాత్పర్యము

ఈ కైటుతో నా పని తీరినది. దీనియందు మిగిలిన ఆయు వెంతయో నీవే పరీక్షించి తెలిసికొనుము.

విశేషవ్యాఖ్య

"12 మీటర్ల" యనుట. కైటు పరిమాణము స్వతంత్ర గుణము కాదు. ఎక్కువాని బరువును, వీచు గాలిని బట్టి యది చాలినదో మీఱినదో యగును. డెబ్బది, డెబ్బదియైదు కిలోల మనిషికి పదునైదు మొదలు ఇరువది నాట్ల లోపలి గాలిలో ఇది సుమారుగా సరిపోవును. ఏబది కిలోల వాని నదే గాలిలో ఈడ్చుకొనిపోవును. అంకెను చెప్పిన మూలకర్త తన బరువును చెప్పలేదు. తయారైన సంవత్సరమును అంతకంటెను చెప్పలేదు. 2005 ప్రాంతమున బో కైట్లు వచ్చువఱకు వాడుకలోనుండిన సీ ఆకారపు కైట్లకు, బారును, అనగా చేత పట్టి కైటును నడుపు కడ్డీని, దూరముగ తోసినను లాగుడు పూర్తిగా తగ్గదు. నీటబడిన యెడల మరల లేపుటయు కష్టము. అట్టివి నేర్చినవారికి వినోదము కావచ్చునుగాని నేర్చుకొనువారికి కావు.

"స్వల్పముగా వాడబడినది" యనుట. ఇందు అభిధ చేత రెండు కాలములు మాత్రమే వాడితినని వాచ్యార్థము. లక్షణ చేత, ఏటికి రెండు కాలములు గల యీ తీరమున, ఉదయము మొదలు సాయంకాలము వఱకు అని లక్ష్యార్థము. వ్యంజన చేత, కర్త లోపించుటను బట్టి, శిక్షణశాలలో నేర్చుకొన వచ్చినవారందఱును దీనిని నీటికేసి మోదిరని వ్యంగ్యార్థము. వీనిలో ఏది గ్రాహ్యమో నిఘంటువు చెప్పదు, గుడ్డ చెప్పును. కొత్త కైటు గుడ్డకు పైపూత యుండును, నలిపినచో కరకరలాడును. ఎండయు, ఉప్పుగాలిలో రెపరెపలును ఆ పూతను తినివేయగా గుడ్డ గంజిపోయిన పంచెవలె మెత్తబడి, నలిపినను మూగయై యుండును. వెనుక అంచుదగ్గఱ రెండు బొటనవ్రేళ్ళతో పట్టి అదిమి చూచునపుడు నూలు విడిపోయెనా, ఇక సంవత్సరముల లెక్క అడుగ నక్కఱలేదు. అమ్మువాడు ఆ పరీక్షకు ఒప్పుకొననిచో అదియును ఒక ఉత్తరమే.

"ఒక చిన్న అతుకు" అనుట. పై గుడ్డ నడుమ అరచేతిలో పట్టునంతటి చిరుగును అంటుపట్టీతో చక్కగ మూసియున్నచో దోషము లేదు. అట్టివి ప్రతి కైటునకు నుండును. కాని ముందంచు గొట్టము, అనగా లీడింగ్ ఎడ్జి, కుట్టు విప్పి కుట్టబడినదో, అడ్డుగొట్టము దానిని చేరు మూల చిరిగి బాగుచేయబడినదో, అచ్చట అతుకు చిన్నదైనను అర్థము పెద్దది. గాలి నిండినపుడు బరువంతయు మోయునది ఆ కుట్టే. కైటును సూర్యునికి అడ్డముగ ఎత్తిపట్టి చూచినచో మూలకర్త లెక్కింపని రంధ్రములును లెక్కకు వచ్చును.

"గాలి చక్కగా నిలుచును" అనుట. ఇదియే యీ మూలమున ప్రాణపదము. వ్రేలితో మీటిన కంగుమని మ్రోగునంత బిగువుగ గాలి నింపి, పంపు తీసి, నీడను ఒక రాత్రి యుంచి తెల్లవాఱి చూడవలెను. పగలు ఎండలో పెట్టి చూచుట మోసము. లోని గాలి వేడెక్కి వ్యాకోచించుటచే కారుట తెలియదు. ఇచ్చటి వేడికి కవాటముల అడుగున జిగురు విడుట సాధారణము గనుక కారెడి చోట్లలో కవాటములను ముందు చూడవలెను. కారుట యేమంత ప్రమాదమని అనుకొనరాదు. తీరమునకు దూరమున తాళ్ళు తెగియో గాలి పడిపోయియో చిక్కుకొన్నవానికి గాలి నిండిన ముందంచే తెప్ప. ఆ తెప్ప నిమిషనిమిషమునకు మెత్తబడుచున్నచో, రామేశ్వరము పోయినను శనీశ్వరము తప్పలేదను సామెత అతనియెడ అక్షరసత్యమగును.

"బారు, తాళ్ళతో సహా" యనుట. తాళ్ళు సామాన్యముగ నాలుగు; ఒక్కొక్కటి ఇరువది మొదలు ఇరువదినాలుగు మీటర్లు. నాలుగు కొనలను ఒక్క గుంజకు కట్టి బారును సమముగ లాగి చూచినచో వాడుక తెలియును: లాగుడు మోయు ముందుతాళ్ళు సాగిపోయి, వెనుకతాళ్ళు పొట్టివై తోచును. అట్టి బారుతో కైటు వెనుకకు వాలి పడిపోవుచుండగా నేర్చుకొనువాడు తన అవివేకమని తలచి నొచ్చుకొనును. తాటిలో పడిన ముడి అచ్చట బలమును చాలవఱకు హరించును. వీనికన్న ముఖ్యమైనది క్విక్ రిలీజు, అనగా ఆపదలో నొక్కిన లేదా తోసిన మాత్రముననే కైటు లాగుడు విడిపించు సాధనము. దీనికి 2020లో ఐఎస్‌ఓ 21853 అను ప్రమాణము వెలువడినది. మొలకు తగిలించి, మిత్రుడొకడు తాళ్ళను బలముగ లాగుచుండగా, ఒంటిచేతితో విడిపించి చూడవలెను. ఇసుకపట్టి మొరాయించినదానిని, మిగిలినదెల్ల ఉచితముగ నిచ్చినను, తగిలించుకొనరాదు.

పూర్వపక్షము, సిద్ధాంతము

నేర్చుకొనువాడు ఎట్లును కైటును నీటికేసి మోదును గనుక వానికి పాతదానిలో పాతది చాలునని కొందఱు వాదింతురు. ఇది యుక్తము కాదు. మోదువాడు అతడేయైనపుడు దెబ్బకు తాళవలసిన గుడ్డ అతనిదే. నీటనుండి మాటిమాటికి లేపవలసినవాడును అతడే. చేయితిరిగినవాడు బలహీనమైన గుడ్డను గాలిలోనే నిలుపుకొని కాలము గడపగలడు. నేర్చుకొనువానికి ఆ నేర్పు లేదు. కావున మంచి కైటు అక్కఱ నేర్చినవానికంటె నేర్చుకొనువానికే అధికము.

ఇట్లని కొత్తదానినే కొనవలెనని మా మతము కాదు. ముందు శిక్షణశాల కైట్లతో పాఠములు ముగించి, తన బరువునకు ఏ కొలత తగునో తెలిసికొని, మూడు నాలుగేండ్ల లోపలిదై, బారు అదే కంపెనీదైన కైటును గురువుచేత పరీక్షింపజేసి కొనువాడు బుద్ధిమంతుడు. కొనబోవు చదువరులారా, అమ్మువాడు తొందరించినను, గాలి నింపిన కైటుకు ఒక రాత్రి గడువనిదే రూకలు చెల్లింపకుడు.