శాంపిల్

రాజమండ్రిలో లెక్కల మాస్టారుగా రిటైరైన పెద్దాయన. మూడేళ్ల కిందట గుండెపోటు వచ్చి, పోతూ పోతూ గుండె సత్తువలో సగం పట్టుకుపోయింది. అప్పట్నుంచీ మాత్రలు గంట తప్పకుండా వేసుకుంటున్నారు. ఊరగాయ జాడీ వైపు కన్నెత్తి చూడరు. కాళ్ల వాపు తీసింది, రాత్రిళ్లు ఆయాసమూ లేదు. అయినా నీరసం వదల్లేదు. ఒకప్పుడు పుష్కర ఘాట్ దాకా నడిచొచ్చే మనిషి, వీధి చివర కిళ్లీకొట్టు దగ్గరే బల్ల వెతుక్కుంటున్నారు. స్నానం చేసొచ్చి చొక్కా తొడుక్కోవడానికి కూడా కాసేపు కూర్చోవాల్సి వస్తోంది.

"హిమోగ్లోబిన్ 13.4 అటండీ. రక్తం శుభ్రంగా ఉంది. మీకు పట్టింది బద్ధకం" అని భార్య తేల్చేశారు.

కొడుకు మాత్రం అలా అనలేదు. "రక్తం బాగున్నా ఒంట్లో ఐరన్ ఉండకపోవచ్చమ్మా. గుండె బలహీనపడ్డవాళ్లలో దాదాపు సగం మందికి ఇదే బాధ. నేను చూసుకుంటాగా" అన్నాడు.

అతను మెడికల్ రిప్రజెంటేటివ్. ఇంట్లో రిప్రజెంటేటివ్ ఉంటే సగం డాక్టరు ఉన్నట్టే. మిగతా సగం సంగతి ఎవరూ అడగరు. ఈమధ్యే కంపెనీ మారాడు. జీతం పెరిగింది, చేతిలో బ్యాగు కూడా మారింది. ఆ బ్యాగులోంచి అప్పటికప్పుడు ఐరన్ క్యాప్సూళ్ల స్ట్రిప్పులు గుప్పెడు తీసి తండ్రి ఒళ్లో పోశాడు. ప్రతి దాని మీదా 'శాంపిల్, అమ్మకానికి కాదు' అని ముద్ర.

మాస్టారు పొంగిపోయారు. కిళ్లీకొట్టు బల్ల మీద కూర్చున్న ప్రతివాడికీ చెప్పారు, మావాడు పైసా ఖర్చు లేకుండా వైద్యం చేస్తున్నాడని. పూటకొకటి చొప్పున లెక్క తప్పకుండా మింగారు. విరేచనం నల్లబడింది, తర్వాత బిగుసుకుంది. దానికీ ఒక శాంపిల్ వచ్చింది.

నాలుగు నెలలు గడిచేసరికి కిళ్లీకొట్టు దాకా కూడా వెళ్లలేక గేటు దగ్గరే ఆగిపోతున్నారు.

చివరికి గుండె డాక్టరు దగ్గరికి బయల్దేరారు. ఆ తలుపు మీద 'మెడికల్ రిప్రజెంటేటివ్‌లకు మంగళ, శుక్రవారాలు' అని బోర్డుంటుంది. కొడుకు ఎప్పుడూ ఆ వరసలో వెళ్లేవాడే. ఇవాళ బ్యాగు బండి మీదే వదిలి, ఫైలు పట్టుకుని తండ్రి వెనకాల నిలబడ్డాడు.

డాక్టరు ఫైలంతా తిరగేసి, "ఫెరిటిన్ ఎప్పుడూ చూడలేదా?" అన్నారు. చూడలేదు. చూపిస్తే 38 వచ్చింది. ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ 13 శాతం.

"గుండె నీరసించినవాళ్లకి ఫెరిటిన్ వందకి తక్కువుంటే ఐరన్ లేనట్టే లెక్క మాస్టారూ. హిమోగ్లోబిన్ చూసి మోసపోతాం. గుండె కండకీ, కాలి పిక్కకీ శక్తి తయారుకావాలన్నా ఐరనే కావాలి. అది లేకే మీరు గేటు దగ్గర ఆగిపోతున్నారు."

"నాలుగు నెలల్నించీ క్యాప్సూళ్లు మింగుతున్నానండీ!"

"మింగి లాభం లేదు. ఈ జబ్బులో ఒంట్లో లోలోపల వాపు గుణం ఉంటుంది. దాంతో లివరు హెప్సిడిన్ అనేదాన్ని ఎక్కువగా వదులుతుంది. అది పేగు దగ్గర షట్టరు దించేస్తుంది. మీరు ఎంత మింగినా ఐరన్ రక్తంలోకి సరిగా చేరదు. అమెరికాలో 225 మందిని తీసుకుని, కొందరికి ఉత్తుత్తి మాత్రలూ, కొందరికి రోజుకి 300 మిల్లీగ్రాముల ఐరనూ 16 వారాలు ఇచ్చి చూశారు. ఐరన్ మింగినవాళ్ల శక్తి ఉత్తుత్తి మాత్రలవాళ్లకన్నా ఏమీ పెరగలేదు. 2017లోనే తేలిపోయింది. నరానికి ఎక్కించాల్సిందే. పావుగంట పని."

మాస్టారుకి కొడుకు మీద జాలేసింది. "మావాడికి ఈ సంగతి తెలియదండీ పాపం. తెలిస్తే ఊరుకుంటాడా? నా కోసం ఎక్కడెక్కడి శాంపిళ్లో ఏరుకొచ్చాడు" అన్నారు.

డాక్టరు చీటీ రాయడం ఆపి, వెనకాల నిలబడ్డవాణ్ణి అప్పుడు పరకాయించి చూశారు.

"మీ అబ్బాయా ఇతను? ఆ అమెరికా కాగితం నా దగ్గరికి తెచ్చిందే ఇతను మాస్టారూ. క్యాప్సూళ్లు దండగ, ఇంజెక్షనే రాయండి సార్ అని, పచ్చరంగు పెన్నుతో గీతలు గీసి మరీ చూపించాడు."

మాస్టారు కుర్చీలోనే మెల్లగా వెనక్కి తిరిగారు.

కొడుకు ఫైలు క్లిప్పు సర్దుకుంటూ, "అది పాత కంపెనీలో నాన్నా" అన్నాడు.