కట్టగలిగీ కట్టని మీకు

అయ్యా,

బెజవాడలోనూ దివిసీమలోనూ ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకు లోన్ల కాగితాలు చూసి రిటైరైనవాణ్ణి. పంట మునిగి కట్టలేకపోయిన రైతుకు ఈ ఉత్తరం రాయడం లేదు. కొండపల్లి ల్యాంకో ప్లాంటులా, కేజీ బేసిన్ గ్యాస్ పడిపోయి ఇంధనం అందక చతికిలబడ్డవాటి సంగతీ వేరే. వ్యాపారమన్నాక నష్టం వస్తుంది, అందులో కొంత బ్యాంకూ మోయాలి. యంత్రాల పేరు చెప్పి తెచ్చిన సొమ్ము స్థలాల్లో పోసి, తాకట్టు సరుకు మాకు తెలియకుండా అమ్ముకుని, సర్ఫేసీ చట్టం కింద అరవై రోజుల నోటీసు అందగానే స్టే కోసం పరుగెత్తిన మీకే రాస్తున్నాను.

1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు బందరులో మా ఆంధ్రా బ్యాంకు మొదలుపెట్టింది లక్ష రూపాయల మూలధనంతో. 2018 మార్చి నాటికి ఆ బ్యాంకు ఇచ్చిన అప్పుల్లో నూటికి 17 రూపాయలు మొండి బకాయిలే. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. విలీనానికి మీ బాకీలొక్కటే కారణమని అనను. కానీ ఆ పేరున్న బోర్డు దింపుతుంటే నాకు గుర్తొచ్చింది ఆ పదిహేడే.

వాయిదా తొంభై రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బకాయి. ఇక దాని వడ్డీని రాబడిగా రాసుకోకూడదు, పైగా లాభంలోంచి కొంత తీసి పక్కన పెట్టాలి. మీ ఖాతా ఆ గీత దాటకుండా, పాత వడ్డీ కట్టుకోవడానికి పైవాళ్లు కొత్త అప్పు మంజూరు చేశారు. కాగితం మీద అంతా సవ్యం, లోపల బాకీ మాత్రం పెరిగింది. 2015లో రఘురామ్ రాజన్ గవర్నరుగా ఉండగా రిజర్వ్ బ్యాంకు ఆస్తుల నాణ్యతను తనిఖీ చేయించాకే ఇలాంటివి బయటికొచ్చాయి.

అవనిగడ్డ వైపు నుంచి ఒక కౌలు రైతు మా బ్రాంచికి వచ్చాడు. పాస్‌బుక్ భూమి ఆసామి పేర ఉంది. 2011 కౌలుదారుల చట్టం కింద ఇచ్చిన రుణ అర్హత కార్డు నా బల్ల మీద పెట్టి ముప్పై వేలు అడిగాడు. బకాయిలు పెరిగాయి, హామీ లేని కొత్త అప్పులు ఇవ్వొద్దని అప్పటికే పైనుంచి మాట వచ్చింది. కుదరదన్నాను. అతను ఆ కార్డును రెండు చేతులతో తీసుకుని, తుడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి నాట్లు వేశాడని విన్నాను. కాదన్నది నేనే, ఆ తప్పు నాది. నా చెయ్యి బిగుసుకునేలా చేసింది మీరు.

2023 జూన్‌లో మీలాంటివాళ్లతోనూ రాజీ కుదుర్చుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు అన్నప్పుడు ఉద్యోగ సంఘాలు ఎదురు తిరిగాయి. నాదీ వాళ్ల మాటే. మీ ఖాతా రైటాఫ్ అయిందని తేలిగ్గా ఉన్నారేమో, రైటాఫ్ మాఫీ కాదు. బ్యాంకు తన లెక్కలు సర్దుకుంది, అప్పు మీ నెత్తినే ఉంది.

కోర్టులో వేసిన పిటిషన్ వెనక్కి తీసుకోండి. ఆ స్థలాలను వేలానికి రానివ్వండి. కాలవలకు నీళ్లు వదలగానే సార్వా పనులు మొదలవుతాయి, ఆ కౌలు రైతు కార్డు పట్టుకుని మళ్లీ బ్రాంచికి వస్తాడు.