ఇంక్లూడ్ సూత్రానికి లఘుటీక

మూలం:
షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్ | ఇంక్లూడ్ జీఐ1/0/1

అవతారిక: గుంటూరు శివారులో ఒకానొక కోల్డ్ స్టోరేజీ. మిర్చి సీజను. "కాటా కాడ నెట్టు రావట్లేదు బాబూ, టిక్కీల లారీలు రోడ్డు దాకా నిలబడ్డయ్" అని గుమాస్తాగారు మొత్తుకోగా, కాటా గది వైరు గుచ్చిన ఒకటో పోర్టు బతికుందో లేదో చూడగోరి, నెట్‌వర్కు కుర్రవాడు సిస్కో స్విచ్చికి రెండు తుమ్ముల మధ్య ఈ సూత్రం ఉపదేశిస్తున్నాడు. ఇంక్లూడ్ వెనకున్న రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ విద్యకు, అంటే అక్షరాల నమూనాతో వెతికే విద్యకు, ఋషి స్టీఫెన్ క్లీనీ. 1956లో అచ్చయిన నాడీజాలాల వ్యాసంలో దర్శించాడు. 1968లో కెన్ థాంప్సన్ దాన్ని కంప్యూటర్లో అక్షరాలు వెతికే పనికి దింపాడు. అధిదేవత కరెంటు అని నా అభిప్రాయం.

ప్రతిపదార్థం: షో = చూపుము; ఇంటర్‌ఫేసెస్ = పోర్టులయొక్క; స్టేటస్ = యోగక్షేమమును; | = ఈ నిలువుగీతచేత వడపోతకు అప్పగించి; ఇంక్లూడ్ = కలిగియున్న పంక్తులను మాత్రమే; జీఐ1/0/1 = గిగాబిట్ జాతిదియు, మొదటి స్విచ్చిలోనిదియు నగు ఒకటవ పోర్టు అను అక్షరములను.

తాత్పర్యం: ఒకటో పోర్టు సంగతి చెప్పు.

విశేషం: స్విచ్చి పదకొండు పంక్తులు చెప్పింది. ఒకటో పోర్టు, దాని వెంట పది నుంచి పందొమ్మిది దాకా. తప్పు దానిది కాదు. ఆలంకారికులు అభిధ, లక్షణ, వ్యంజన అని మూడు వృత్తులు చెప్పారు గాని, వడపోతకు అభిధ కూడా అందదు. పోర్టంటే ఏమిటో దానికి తెలియదు, అక్షరాలు ఒకదాని పక్కన మరొకటి కనబడితే చాలు. "1/0/12"లో "1/0/1" లేదని ఏ పండితుడైనా వాదించగలడా? చివర ఒక అండర్‌స్కోరు తగిలిస్తే, ఆ తర్వాత ఖాళీయో, కామాయో, పంక్తి అంతమో ఉండాలని అర్థం. పదీ తప్పుకుని ఒకటే మిగులుతుంది. 'జీ' చిన్నక్షరమైతే మాత్రం జవాబే రాదు. ఆ మౌనాన్ని "పోర్టు చచ్చింది" అని అన్వయించుకుని కొత్త వైరు కొనడానికి బయల్దేరేవారున్నారు. వారికి ఈ టీక ఉపయోగపడదు.

రెండో నిలువుగీత వస్తే "ఇదైనా, అదైనా" అని అర్థం. దాని అటూ ఇటూ ఖాళీ వదిలితే ఆ ఖాళీలూ వెతుకులాటలో చేరతాయి. ప్రశ్నార్థకం గుర్తుకు ముందు కంట్రోల్-వీ నొక్కాలి, లేకపోతే స్విచ్చి మనం సందేహం అడిగామనుకుని సహాయం చేయబోతుంది.

పాఠాంతరం: ఏ పోర్టులు పనిచేస్తున్నాయో చూడటానికి కొందరు "ఇంక్లూడ్ కనెక్ట్" అని పఠిస్తారు. అది అపపాఠం, నాట్‌కనెక్ట్‌లోనూ కనెక్ట్ ఉంది. "ఇంక్లూడ్ కనెక్టెడ్" అంటే సరిపోతుంది. "ఎక్స్‌క్లూడ్ నాట్‌కనెక్ట్" అనేది ఇంకో సంప్రదాయం. రెండూ ఒకటే అనుకునేవారు కల్లంలో ఒక్కరోజు కూర్చోవాలి: మంచి కాయ ఏరుకోవడం వేరు, తాలు ఏరి పారేయడం వేరు. తాలు తీసినా మచ్చకాయ రాశిలో ఉండిపోతుంది. ఇక్కడ మచ్చకాయ పేరు ఎర్-డిసేబుల్డ్, అంటే స్విచ్చి తనంతట తాను మూసేసిన పోర్టు. మొదటి పాఠంలో అది కనబడదు, రెండో పాఠంలో మిగులుతుంది.

కాటా పోర్టు అలాగే దొరికింది. ఆ గదిలో ఎవరో ఖాళీగా వేలాడుతున్న వైరు కొస చూడలేక, రెండు కొసలూ ఒకే చిన్న స్విచ్చికి గుచ్చారు. సిస్కో స్విచ్చి పంపిన బీపీడీయూ, అంటే వైర్లు చుట్ట తిరిగాయేమో కనిపెట్టే సందేశం, తనకే తిరిగి రావడంతో దాని కాపలాదారైన బీపీడీయూ గార్డు పోర్టు మూసింది. వైరు పీకి, పోర్టును మూసి తెరవడానికి షట్, నో షట్ కొట్టారు. గుమాస్తాగారు మొదటి లారీని కాటా మీదికి రమ్మన్నారు.