మాట నాది, చేతులు ఆమెవి

ఇంటికి నలుగురిని పిలిచి అన్నం పెట్టాలన్న కోరిక మంచిదే. దాని పక్కనే "అబ్బ, ఏం పెట్టాడ్రా!" అనిపించుకోవాలన్న ఇంకో కోరిక వచ్చి కూర్చుంటుంది. నన్ను ముంచింది అదే. మీకూ ఉండే ఉంటుంది, లేదంటే నమ్మను.

హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో స్నేహితులంతా జొన్నరొట్టె, నాటుకోడి తెప్పించుకుని లొట్టలేస్తుంటే నాకు ఉండబట్టలేదు. "ఇదేం రొట్టె! మా వనపర్తికి రండి, అసలు రొట్టె తినిపిస్తా" అనేశాను. అక్కడికక్కడే మే నెలలో ఒక ఆదివారం రాత్రికి ఖాయం చేశాను. పాతికమంది. పెనం మీంచి నేరుగా పళ్లెంలోకి, పొగలు కక్కుతూ పెడతానని మాట కూడా ఇచ్చాను.

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ ఒక్కటే అడిగింది. "మనిషికి రెండేసుకున్నా యాభై రొట్టెలు. ఎవరు తడతరు?"

నాకు రొట్టె చేయడం రాదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తింటున్నాను, ఒక్కనాడూ పిండిలో చెయ్యి పెట్టలేదు. ఆమె చేతుల్ని చూసుకునే నేను మాటిచ్చానన్నది ఆ క్షణం దాకా నాకు తోచనే లేదు. "రోడ్డు మీద రొట్టెలమ్మే ఆమెకు చెప్దాం, చేసిస్తది" అంది. మా పాలమూరు పట్నాల్లో పొద్దుగూకేసరికి రోడ్ల పక్కన పొయ్యిలు ముట్టించి రొట్టెలు చేసి అమ్మే ఆడవాళ్లుంటారు. మా ఇంట్లో చాలా రాత్రులు గడిచేది ఆ రొట్టెలతోనే. అయినా "నా దావత్‌కు బజారు రొట్టెలా? పరువు పోతది" అన్నాను.

జూరాల దాకా పోయి చేపలు తెచ్చాను. కొల్లాపూర్ మామిడిపండ్లు తెప్పించాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ ఒకే పళ్లెంలో ఉండాలని నా పట్టుదల. జొన్నలు గిర్నీలో పట్టించమంటే మాత్రం వినకుండా, బొమ్మ బాగుందని ప్యాకెట్ పిండి కొన్నాను. గోధుమపిండికున్న సాగుడు జొన్నపిండికి ఉండదు. మసిలే నీళ్లు పోసి, వేడి మీదే పిసికి, ముద్ద ఆరకముందే తట్టాలి. అంచులు పగిలితే తడి వేలితో అతకాలి. పిండి పాతబడితే ఎంత పనిమంతురాలి చేతిలోనైనా విరిగిపోతుంది. ఈ సంగతి మా ఆవిడకు తెలుసు. నేను అడగలేదు.

ఎనిమిదికల్లా అందరూ వచ్చారు. లోపల మొదటి రొట్టె పెనం మీదే మూడు ముక్కలైంది. రెండోదీ అంతే. బయట నేను సురవరం ప్రతాపరెడ్డిగారిని అందుకున్నాను. ఆయన మా పాలమూరు వారేనని, 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందని, మనవాళ్లు ఏం తిన్నారో కూడా అందులో రాశారని చెప్పాను. పిల్లలు ఆకలన్నారు. వనపర్తి రాజావారి కోట 1959లో పాలిటెక్నిక్ ఎలా అయిందో చెప్పాను. తొమ్మిదైంది. గద్వాల సంస్థానం పండితుల్ని ఆదరించిన తీరు చెప్పాను. తొమ్మిదిన్నరైంది. ఒకాయన నిద్రపోయాడు. లోపలికెళ్తే మా ఆవిడ చెమటతో తడిసి ముద్దయి, విరిగిన రొట్టెల కుప్ప ముందు కూర్చుని ఉంది. ఏమీ అనలేదు. బండి తీసి రోడ్డు మీద పడ్డాను.

రొట్టెల ఆమె పొయ్యి ఆర్పి గిన్నెలు కడుగుతోంది. సంగతి విని, "గిర్నీ పిండేనా సార్?" అంది. తల అడ్డంగా ఊపాను. తన పిండి డబ్బా, పీట తీసుకుని, బిడ్డను వెంటబెట్టుకుని వచ్చింది. పొయ్యి మా వాకిట్లోనే పెట్టించింది. రెండు అరచేతుల కింద ముద్ద తిరుగుతూ తిరుగుతూ పళ్లెమంత అయ్యేది. పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో ఒక్కసారి తుడిచి తిప్పేది. నిప్పుల మీదికి రాగానే రొట్టె పొంగేది. బిడ్డ అందుకుని పళ్లేల్లో వేసేది. చుట్టూ చేరి అందరూ ఫోన్లు తీశారు.

ఇక్కడిదాకా జరిగింది తెలివితక్కువతనం. తర్వాతిదే చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఒక మిత్రుడు నా భుజం తట్టి, "కళ్ల ముందే చేయించడానికా ఇంతసేపు ఆగావు! ఎంత బాగా ఆలోచించావయ్యా" అన్నాడు. నేను నవ్వి తలూపాను. గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ విన్నది. పొయ్యి దగ్గరున్న ఆమె కూడా విన్నది.

ఆ మిత్రుడు ఇది చదువుతాడు. అయ్యా, అది నా ఏర్పాటు కాదు. ఆ రాత్రి నీ ఆకలి తీర్చినవాళ్లు ముగ్గురు, అందులో నేను లేను. వచ్చే వేసవిలో మళ్లీ రండి. ఈసారి పిండి రొట్టెల ఆమెదే, ఎంతమందిని పిలవాలన్నది మా ఆవిడ ఇష్టం. పచ్చిపులుసు నేను చేస్తున్నాను, చింతపండు పిసకడం నేర్చుకున్నాను.