స్టాప్ బటన్ దగ్గర నా చదువు

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో ఎలక్ట్రోమెకానికల్ ఇంజినీరింగ్ టెక్నాలజీ కోర్సులో చేరేనాటికే నాకు బీటెక్ పట్టా ఉంది, కోడ్ రాసిన అనుభవమూ ఉంది. రెండేళ్లు చదివితే అసోసియేట్ డిగ్రీ ఇస్తారు. ఇందులో నాకు కొత్తగా ఏం నేర్పుతారులే అనుకున్నాను. ఐటీఐ, పాలిటెక్నిక్ అంటే మార్కులు రానివాళ్ల చదువని మనవాళ్లలో ఒక చిన్నచూపు ఉంది. దాన్ని నేను అంత దూరమూ మోసుకెళ్లాను. ఇంతకు మించిన తెలివితక్కువ పని నా చదువులో ఇంకొకటి లేదు.

మా క్లాసులో చాలామంది ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి నేరుగా వచ్చేవాళ్లు. యంత్రాలను నడిపే పీఎల్‌సీ (ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్) పాఠం మొదలైంది. రెండు నిలువు గీతలు, మధ్యలో మెట్లు, మెట్ల మీద కాంటాక్టులు, కాయిల్స్. ఈ ల్యాడర్ లాజిక్ కూడా ఒక ప్రోగ్రామింగేనా అనిపించింది.

ల్యాబ్‌లో ఒక మోటారుకు స్టార్ట్, స్టాప్ బటన్లు కట్టమన్నారు. రెండింటికీ నార్మల్లీ ఓపెన్ కాంటాక్టులే, అంటే నొక్కితేనే కలిసేవే వాడాను. స్టాప్ నొక్కితే సిగ్నల్ వస్తుంది, సిగ్నల్ వస్తే మోటారు ఆగాలి. ప్రోగ్రామ్ అలాగే రాశాను, అలాగే పనిచేసింది. మా ఇన్‌స్ట్రక్టర్ వచ్చి చూశారు. మోటారు తిరుగుతుండగానే స్టాప్ బటన్‌కు వెళ్లే 24 వోల్టుల తీగ ఊడదీసి, "ఇప్పుడు ఆపు" అన్నారు. నొక్కాను. మళ్లీ నొక్కాను. మోటారు తిరుగుతూనే ఉంది.

పక్క బెంచీలో కన్వేయర్లు బాగుచేసే ఒకాయన ఉన్నాడు. ఆయన స్టాప్‌కు నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్టు పెట్టాడు. అందులో కరెంటు ఎప్పుడూ పారుతూ ఉంటుంది. బటన్ నొక్కినా, తీగ తెగినా, టెర్మినల్ స్క్రూ వదులైనా ఆ కరెంటు ఆగుతుంది, దాంతో మోటారూ ఆగుతుంది. ఎందుకలా పెట్టావని అడిగితే, "తీగలు తెగుతాయి కదా" అన్నాడు. తీగ తెగుతుందన్న ఆలోచనే నాకు రాలేదు. ఆ మోటారు పక్కన ఒక మనిషి నిలబడి ఉంటాడన్న ఆలోచన అసలే రాలేదు.

ల్యాడర్ లాజిక్‌ను తక్కువ చేయడమూ అలాంటి అజ్ఞానమే. 1968లో జనరల్ మోటార్స్ రిలే ప్యానెళ్లకు బదులుగా పనిచేసే యంత్రం కావాలంది. డిక్ మోర్లీ బృందం మోడికాన్ 084 అనే పీఎల్‌సీ తయారుచేసింది. ఎలక్ట్రీషియన్లు రోజూ చూసే రిలే డయాగ్రమ్‌ల రూపమే పీఎల్‌సీ ప్రోగ్రామ్‌లకూ వచ్చింది. అర్ధరాత్రి లైను ఆగితే వచ్చి చదివి సరిచేయాల్సింది వాళ్లే కాబట్టి, అది వాళ్లకు అర్థమయ్యేలా ఉండాలి. నేను పిల్లల బొమ్మ అనుకున్న దాంట్లో అంత ముందుచూపు ఉంది.

మా పెదనాన్నగారి అబ్బాయి ఐటీఐ చేసి గుంటూరు దగ్గర స్పిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాడు. పండగలకు కలిసినా, "అన్నయ్యా, నువ్వు చేసే పనేమిటి?" అని ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు కంట్రోల్ ప్యానెల్‌లో ఏ సందేహం వచ్చినా ముందు ఆయనకే ఫోన్ చేస్తున్నాను. ఓపిగ్గా వింటాడు. తర్వాత, ఆ తప్పు వల్ల ఎవరి చెయ్యి పోతుందో చెబుతాడు.