అభ్యంతర పత్రము

మా కాలనీకి పడమట ఐదెకరముల మామిడితోట యొకటి యుండెడిది. ‘ఉండెడిది’ అన్న మాటతోనే కథ సగము తెలిసిపోయెను గావున, మిగిలిన సగమును తొందరపడక చెప్పెదను.

2013వ సంవత్సరమున ఒకనాటి ఉదయము మా అసోసియేషన్ కార్యదర్శి దినపత్రికను జెండావలె ఎత్తిపట్టుకొని మా యింటికి వచ్చి, ఆ తోటను నివాసప్రాంతముగా మార్పదలచి అధికారులు పదునైదు దినములలోగా అభ్యంతరములను, సూచనలను ఆహ్వానించుచు వేసిన ప్రకటనను చూపి, అచట స్టిల్టుపై ఏడేసి అంతస్తుల మేడలు లేచి నాలుగు వందల ఫ్లాట్లు రానున్నవనియు, ముప్పది యేండ్లు కళాశాలలో తెలుగు బోధించిన నేనే అభ్యంతర పత్రమును రచింపవలెననియు శాసించెను. హైదరాబాదు శివారులో కాపురముండు తెలుగు పండితునకు ఇంతకన్న గౌరవము వేరొకటి లభింపదు.

ఆదివారము రామాలయ మండపమున సభ తీరినది. పెద్దలలో పెద్దవాడొకాయన, తన యలవాటు చొప్పున, 1908 నాటి మూసీ వరదలతో ఉపక్రమించి, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, ఉస్మాన్ సాగర్ నిర్మాణము దాక వచ్చుసరికి అందరి టీలును చల్లారిపోయెను. నీటి విషయము మాత్రము నిజముగా గంభీరమైనదే: 1987లో నేను ఇల్లు కట్టుకొన్ననాడు నూటయేబది అడుగులకే ఉబికిన బోరు, ఇప్పుడు తొమ్మిది వందల అడుగుల లోతున గొణుగుచున్నది. పిమ్మట జనసాంద్రత వలని అనర్థములను గూర్చి అనర్గళముగా నుపన్యసించిన మహనీయుడు, ఒక్క అంతస్తునకు అనుమతి పొంది మూడంతస్తులు లేపి, 2007 నాటి బి.పి.ఎస్. క్రింద అపరాధరుసుము చెల్లించి దానిని క్రమబద్ధము గావించుకొని, పై రెండింటిని ఆరు వాటాలుగా అద్దెకిచ్చినవాడు. అది ఎవ్వరికిని జ్ఞాపకము రాలేదు. వచ్చినవారు టీ త్రాగుచుండిరి.

నా యభ్యంతరము వేరు. అది సభలో చెప్పదగినది కాదు. సంక్రాంతి దాటినది మొదలు మా యావిడ డాబాపై గుమ్మడి వడియములు పెట్టును. బూడిదగుమ్మడి ముక్కలకు ఉప్పు పట్టించి, గుడ్డలో మూటగట్టి, రాత్రియంతయు పొత్రము క్రింద నుంచి నీరోడ్చి, తెల్లవారుజామున మినపపిండిలో కలిపి, తడిపి పరచిన నా పాత పంచెపై వరుసలు దీర్చి పెట్టుచుండగా చూచినచో, ఛందస్సు తెలిసినవానికి సీసపాదములు జ్ఞప్తికి వచ్చును. ఆమె పడమటి దిక్కునకు చూచి, “ఏమండీ, ఆ మేడ లేచిందంటే మూడింటికే నీడ పడుతుంది. వడియాలు బూజు పట్టిపోతాయి” అనెను. నేను దానినే ‘పౌరుల సూర్యరశ్మి హక్కు’ అని మూడవ అభ్యంతరముగా వ్రాసితిని.

ఇంతలో మా వీధి విశ్రాంత ఇంజనీరుగారు ఒక చిక్కు తెచ్చిపెట్టెను. పదునెనిమిది మీటర్లు మొదలు కట్టడమునకు హైరైజ్ అని పేరనియు, స్థలమును బట్టి ఇంత విస్తీర్ణమే కట్టవలెనను ఎఫ్.ఎస్.ఐ. పరిమితి 2006లోనే మన నగరమున తొలగిపోయినదనియు, 2012 నాటి నిబంధనల ప్రకారము ఎదుటి వీధి వెడల్పును బట్టి మేడ యెత్తు నిర్ణయమగుననియు వివరించి, తుదకు, “మాస్టారూ, మన రోడ్డు ముప్పై అడుగులే ఉండుంటే వాడు ఇంత ఎత్తు లేపలేడు. నలభై అయింది కాబట్టే లేపుతున్నాడు” అనెను.

నేను మారుపలుకలేదు. 1998లో ఆ వీధిని నలుబది అడుగులు చేయించుటకు ప్రహరీగోడలను ఐదేసి అడుగులు వెనుకకు జరుపుకొందుమని కాలనీ యంతటి చేత సంతకములు చేయించి, నాలుగు పుటల విజ్ఞాపనము వ్రాసినవాడను నేనే. నా కలము నుండి వెలువడిన విజ్ఞాపనలలో ఫలించినది అదొక్కటే. దానికి నా పారిజాతపు చెట్టును కూడ బలి యిచ్చితిని.

ఈ యవమానము వలననో, పాండిత్యము వలననో, పత్రమును సామాన్య ధోరణిలో వ్రాయుటకు నాకు మనసొప్పలేదు. స్తుతిచే నిందయు, నిందచే స్తుతియు స్ఫురింపజేయు వ్యాజస్తుత్యలంకారమును అప్పయ్యదీక్షితుల కువలయానందము నుండి ఏటేట బోధించినవాడను. అందుచే, ‘ఈ మహాసౌధము లేచి మా బోరుబావులకు చిరకాలవాంఛితమైన శాశ్వత విశ్రాంతిని ప్రసాదించుగాక, వీధిలో వాహనములు కదలక నిలిచిపోవుటచే ఇరుగుపొరుగువారి సంభాషణావకాశము దినదినాభివృద్ధి నొందుగాక, మా డాబాలపై ఎండను హరించి, మా శరీరచ్ఛాయను కాపాడుగాక’ అని మూడు పుటలు నింపితిని. చదివి వినిపింపగా కార్యదర్శి కనులు చెమర్చెను. ఏల చెమర్చెనో నేనడుగలేదు. నూటపదునాలుగురు సంతకములు చేసిరి.

నెల గడచిన పిదప ప్రకటన వేసిన అధికారుల కార్యాలయమునకు వెళ్లి మా పత్రము గతి యేమని విచారింపగా, గుమస్తా మర్యాదగా కుర్చీ చూపి, కట్ట విప్పి, “సార్, మీరు మంచిగ రాసిన్రు. అందరు తిట్టుకుంటనే రాస్తరు, మీ కాలనోల్లొక్కలే మెచ్చుకున్నరు. సపోర్టు ఫైల్ల పెట్టిన” అనెను. వ్యాజస్తుతి యనగా నేమో అతనికి వివరింప బోయితిని గాని, నా వెనుక పండ్రెండుగురు నిలుచుండిరి. వారిలో ఒక్కరైనను అలంకారశాస్త్రాభిలాషిగా కానరాలేదు.

అంతటితో నైనను పోలేదు. ఆ సాయంకాలమే బిల్డరు పూతరేకుల పెట్టెతో మా యింటికి వచ్చి, పట్టపగటి వెలుతురున, ఇరుప్రక్కల గేట్ల వద్ద నిలిచిన పొరుగువారందరును చూచుచుండగా, నా పాదములకు నమస్కరించి, “మీలాంటి పెద్దల ఆశీర్వాదం మాస్టారూ” అని పోయెను. కార్యదర్శి నాతో మాటలాడుట మానివేసెను. పూతరేకులు మాత్రము మిక్కిలి బాగుండెను. నేతిలో లోపము లేదు.

మేడ లేచినది. మూడింటికి రావలసిన నీడ రెండున్నరకే వచ్చుచున్నది. ఇంజనీరుగారి లెక్కలలో పైనున్న నీళ్ల ట్యాంకు చేరలేదట. పని నడచిన కాలమున, మా డాబాకు అభిముఖముగా, మా దృష్టి తగులకుండుటకే కాబోలు, దిష్టికని పెద్ద బూడిదగుమ్మడికాయ నొకదానిని త్రాటితో వ్రేలాడదీసిరి. మా యావిడ పంచె ఆరవేయుచు దానిని చాలసేపు పరికించి చూచి, “బాగా ముదిరిన కాయండీ. నా చేతికిస్తే రెండు పళ్లేల వడియాలొచ్చేవి” అనెను.