బొట్టు పెడితే తుప్పు ఆగుతుందా?

పైలేట్స్ అనే వ్యాయామం మన దాకా రావడానికి ఇంకెంతో కాలం పట్టదు. హైదరాబాదులో సినిమా తారలు దానికి వాడే జారుడు బల్ల మీద వెల్లకిలా పడుకుని కాళ్లు గాల్లోకి లేపిన ఫొటోలు చల్లపల్లి సెంటర్లో టీ తాగే కుర్రాడి ఫోనులోకి ఎప్పుడో వచ్చేశాయి. ఫొటో వచ్చాక వస్తువు రాకుండా ఉంటుందా? కరకట్ట మీదుగానో బందరు మీదుగానో లారీలో దిగుతుంది. దిగిన రోజు ఏం జరుగుతుందో చెప్పడానికి జ్యోతిషం రానక్కర్లేదు.

ముందు ముహూర్తం. తర్వాత ఫ్లెక్సీ. అందులో ప్రారంభించే పెద్దాయన బొమ్మ ఆరడుగులు, పరికరం బొమ్మ అగ్గిపెట్టెంత. ఆ తర్వాత కొబ్బరికాయ. దాన్ని ఎక్కడ కొడతారంటారు? సరిగ్గా బల్ల జారే ఆ నున్నటి పట్టాల మీదే. కొబ్బరినీళ్లు పట్టాల గాడిలోకి, కుంకుమ చక్రాల్లోకి, అక్షింతలు స్ప్రింగు చుట్ల సందుల్లోకి పోతాయి. కర్పూరం మసి పరుపుకి అంటుతుంది. పెద్దాయన బూట్లతోనే ఎక్కి ఫొటో దిగుతారు. ఇక ఆ యంత్రానికి జరగవలసిన సత్కారాలన్నీ అయిపోయినట్టే. మళ్లీ దాని ఒంటి మీద గుడ్డ పడేది వచ్చే ఆయుధపూజకే, అది కూడా బొట్టు పెట్టడానికి జాగా కోసం.

ఈ బల్లని రిఫార్మర్ అంటారు. చూడటానికి మంచంలా ఉంటుంది గానీ పైనున్న పలక పట్టాల మీద ముందుకీ వెనక్కీ జారుతుంది. పలకని ఒకవైపు నాలుగో అయిదో స్ప్రింగులు లాగి పట్టుకుంటాయి. కాళ్లతో తన్నినా, కప్పీల మీదుగా వచ్చే తాళ్లని చేతులతో లాగినా ఆ స్ప్రింగుల బలానికి ఎదురు పని చేస్తున్నామన్నమాట. దీన్ని కనిపెట్టిన జోసెఫ్ పైలేట్స్ 1883లో జర్మనీలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు అతణ్ణి ఐల్ ఆఫ్ మాన్ నిర్బంధ శిబిరంలో పెడితే, అక్కడి రోగుల మంచాలకి స్ప్రింగులు బిగించి వ్యాయామం చేయించాడని చెప్పుకుంటారు. తర్వాత న్యూయార్క్ వెళ్లి వ్యాయామశాల పెట్టాడు. నిర్బంధ శిబిరంలో స్ప్రింగు తెగితే ఇంకోటి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకుని ఉంటాడు పాపం. మనకా బాధ లేదు. తెగితే బైండింగ్ వైరుంది, పగిలితే ఎం-సీల్ ఉంది, ఏమన్నా అయితే "మీ టైము బాగాలేదండీ" అనడానికి నోరుంది.

తెగడమంటే ఏమిటో కాస్త ఆగి చెప్పాలి. రిఫార్మర్ మీద నిలబడో మోకాళ్ల మీదో చేసే విన్యాసాలున్నాయి. అప్పుడు మనిషి బరువంతా కదిలే పలక మీదే ఉంటుంది. స్ప్రింగు తెగినా, దాని కొక్కెం ఊడినా పలక ఒక్కసారిగా జారిపోతుంది. మోకాలి నొప్పి తగ్గుతుందని డాక్టరు చెబితే వచ్చిన అరవై ఏళ్ల అమ్మ తుంటి ఎముక విరిగి ఆసుపత్రికి వెళుతుంది.

పోనీ స్ప్రింగు చెప్పకుండా తెగుతుందా అంటే, చాలావరకు చెప్పే తెగుతుంది. వదిలేసినప్పుడు చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. మధ్య సందు కనిపించిందంటే అలిసిపోయిందని అర్థం. ఎక్కడన్నా వంకర తిరిగినా, ఎర్రమచ్చ పడినా, లాగితే కిర్రుమన్నా దాని ఆయువు తీరింది. ఇది చూడటానికి ఇంజినీరింగు డిగ్రీ అక్కర్లేదు. పొద్దున్నే తలుపు తీసినవాడు రెండు నిమిషాలు వంగి చూస్తే చాలు. వంగితే కదా! వంగడం నేర్పే శాలలో యజమానికి వంగడం రాదు.

పైగా మనది సముద్రపు పక్క. బందరులో, నాగాయలంకలో, కోడూరులో కొత్త కిటికీ ఊచ ఎంత త్వరగా ఎర్రబడుతుందో అందరికీ తెలుసు. సైకిలు చెయిను, ఫ్యాను రెక్క, గేటు గొళ్లెం వేటినీ ఉప్పుగాలి వదలదు. సాధారణంగా స్ప్రింగులు రెండేళ్లకోసారి మార్చాలని తయారీదారులు చెబుతారు. చెమట, తేమ, ఉప్పుగాలి కలిసినచోట ఇంకా ముందే మార్చాలి. కానీ మన లెక్క వేరు. "బానే ఉంది కదండీ, ఇంకా తెగలేదు కదా!" తెగకపోవడమే బాగుండటమైతే డాక్టర్లెందుకు, ఊపిరి ఆగిందాకా అందరూ ఆరోగ్యవంతులే.

కొందరు మరీ శ్రద్ధాపరులుంటారు. వాళ్లతో ఇంకా ప్రమాదం. చక్రం కిర్రుమంటే వంటింట్లోంచి కొబ్బరినూనె తెచ్చి పోస్తారు. ఆ నూనెకి దుమ్ము, జుట్టు, టాల్కం పౌడరు పట్టి పది రోజుల్లో నల్లటి జిగురవుతుంది. పట్టాలకీ చక్రాలకీ కావలసింది వారానికోసారి శుభ్రమైన మెత్తటి గుడ్డ, చక్రాలకి చుట్టుకున్న వెంట్రుకలు తీసే ఓపిక. పరుపుకి చాలా పలచటి సబ్బునీళ్లు, ఆపైన పొడిగుడ్డ. మరుగుదొడ్డికి వాడే ఫినాయిలు దీనికీ కొడితే రెక్సిను పగుళ్లు తీస్తుంది. నట్లూ బోల్టులూ నెలకోసారి బిగించాలి. తాడు కప్పీ దగ్గర పీచు లేచిందేమో చూడాలి. స్ప్రింగుని కొక్కెం నుంచి తీసేటప్పుడు టపీమని వదిలేయకూడదు. ఏ స్ప్రింగు ఏ తేదీన బిగించామో ఒక నోటుపుస్తకంలో రాయాలి. ఆ పుస్తకం ఖరీదు ప్రారంభోత్సవంలో ఒక శాలువా అంచుకి సరిపోదు.

మనకి యంత్రం కొనడానికి డబ్బుంటుంది, కాపాడటానికే ఉండదు. పార్కుల్లో పెట్టిన ఓపెన్ జిములు చూడండి. రంగులు వేసినంతకాలం ఎక్కి ఊగారు. బేరింగు పోయిన రోజు నుంచి వాటి మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి. రిబ్బను కత్తిరించిన చేతికి గ్రీజు అంటకూడదని ఏ శాస్త్రంలో ఉందో పండితులు చెప్పాలి. గ్రీజు పెట్టినవాడికి శిలాఫలకం లేదు, అదీ అసలు రోగం.

ఈ రోగం చిన్నదనుకునేవాళ్లు మన పొలానికి నీళ్లెక్కణ్ణుంచి వస్తాయో గుర్తు చేసుకోవాలి. 2021 ఆగస్టు 5న పులిచింతల ప్రాజెక్టులో 16వ గేటు కొట్టుకుపోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాములో 19వ గేటు గొలుసు తెగింది. టీఎంసీలకి టీఎంసీలు నదిలో కలుస్తుంటే, కన్నయ్యనాయుడు గారనే పెద్దాయన వచ్చి వరద నడుమ స్టాప్‌లాగ్ అనే తాత్కాలిక గేటు దింపించారు. ఆయనకి దండాలు పెట్టాం, మంచిదే. కానీ ప్రమాదం జరగకుండా ప్రతి వేసవిలో గొలుసుని తడిమి చూసే ఫిట్టరుకి ఎప్పుడన్నా దండ వేశామా? అతను పని సరిగా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగనిదానికి పేపర్లో వార్తెలా వస్తుంది?

పూర్వం తాలింఖానాల్లో కుస్తీ పట్టేవాడే తెల్లారకుండా గోదా మట్టి తవ్వి, రాళ్లేరి, నూనె కలిపి మెత్తన చేసుకునేవాడు. ఆ తర్వాతే పట్టు. ఇప్పుడు వేలు పోసి చందా కట్టినవాడు తన చెమట తాను తుడవడు. "దానికి మనుషులున్నారు కదా" అంటాడు. మనుషులున్నారు, నిజమే. జీతం పెంచమంటే వెళ్లిపొమ్మన్నది వాళ్లనే.

మన పరికరాన్ని మనమే చూసుకోవాలన్న ఈ మాట ఇంకో ఊళ్లో అంటే "మన జనానికి ఇవన్నీ చేతకావండీ" అని తప్పించుకోవచ్చు. చల్లపల్లిలో ఆ సాకు చెల్లదు. 2014 నవంబరు 12 నుంచి ఇక్కడ డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి దంపతులతో కలిసి స్వచ్ఛంద కార్యకర్తలు రోజూ తెల్లవారుజామునే చీపుళ్లూ పారలూ పట్టి వీధికెక్కుతున్నారు. ఊరి మురుగు తీశారు, రోడ్ల పక్కన మొక్కలు నాటారు. అంతకంటే కష్టమైన పని, ఆ నాటిన మొక్కకి మర్నాడు నీళ్లు పోశారు. ఊరివాళ్లు ఊరి కాలవని తుడుస్తుంటే, చందాలు వసూలు చేసే శాల యజమాని తన పరికరాన్ని తుడవలేనంటే అది చేతకానితనం కాదు, పొగరు.

కాబట్టి చల్లపల్లిలోనో బందరులోనో గుడివాడలోనో రేపు ఆ తళతళలాడే బల్ల వచ్చి, మీరు చందా కట్టడానికి వెళితే, ఏసీ ఉందా, పాటలు పెడతారా అని అడగకండి. "స్ప్రింగులు ఎప్పుడు మార్చారు, తేదీలు రాసిన పుస్తకం చూపించండి" అనండి. ఆయన గోడ మీది ప్రారంభోత్సవం ఫొటో చూపిస్తే, డబ్బులు జేబులో పెట్టుకుని కాలవగట్టున నడవండి.